సి డ్రైవ్‌లో 140 జీబీ ఖాళీ, అయినా అప్‌డేట్ ఎక్కదు: ఒక ఇంటి కంప్యూటర్ కేసు

కంప్యూటర్, ఫిర్యాదు

ఇంట్లో చదువుకీ బిల్లులకీ వాడే డెస్క్‌టాప్. ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. మొదట హార్డ్ డిస్క్ ఉండేది. తర్వాత దాన్నే ఎస్ఎస్‌డీ మీదకి క్లోన్ చేశారు. విండోస్ 10, 22హెచ్2. సి డ్రైవ్‌లో 140 జీబీ ఖాళీగా ఉంది.

ఫిర్యాదులు రెండు. మొదటిది, 2024 జనవరి 9న విడుదలైన కెబి5034441 అప్‌డేట్ ప్రతిసారీ 0ఎక్స్80070643 ఎర్రర్‌తో ఫెయిలవుతోంది. రెండోది, విండోస్ 11కి మారుదామంటే అర్హత పరీక్ష పాసవుతోంది, డౌన్‌లోడ్ పూర్తవుతోంది, తీరా ఇన్‌స్టాల్ దగ్గరకొచ్చేసరికి సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను (డిస్క్‌లో విడిగా కోసి పెట్టిన భాగాన్ని) అప్‌డేట్ చేయలేకపోయామన్న మెసేజ్‌తో ఆగిపోతోంది. కోడ్ 0ఎక్స్సి1900104.

కోడ్‌లు వేరు, అప్‌డేట్‌లు వేరు. అందుకే ఇంట్లోవాళ్లు వీటిని రెండు సమస్యలుగా చూశారు. చివరికి రెండిటి మూలమూ ఒకటేనని తేలింది. ఎన్నో ఏళ్ల కిందట ఇన్‌స్టాలర్ గీసిన పార్టిషన్ కొలతలు ఇప్పటి విండోస్‌కి సరిపోవడం లేదు. ఇల్లు ఎంత పెద్దదైనా గడప ఇరుకైతే మంచం లోపలికి రానట్టే.

అప్పటికే చేసి చూసినవి

ట్రబుల్‌షూటర్ నడిపారు. అప్‌డేట్ సర్వీసులు ఆపి, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్, క్యాట్‌రూట్2 ఫోల్డర్ల పేర్లు మార్చారు. ఆపైన విండోస్ ఫైళ్లని సరిచూసి బాగుచేసే ఈ రెండు కమాండ్‌లు:

డిఐఎస్ఎమ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రీస్టోర్‌హెల్త్
ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ

రెండూ శుభ్రంగా పూర్తయ్యాయి. (మొదటిది 62.3 శాతం దగ్గర చాలాసేపు నిలబడినట్టు కనిపించడం మామూలే. హ్యాంగ్ అయిందనుకుని విండో మూసేయకూడదు.)

వీటిలో తప్పు పని ఏదీ లేదు, కానీ ఒక్కటీ ఈ జబ్బుకి మందు కాదు. సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్‌లో ఉండేది డౌన్‌లోడ్ అయిన ఫైళ్లు, అప్‌డేట్ చరిత్ర. దాని పేరు మారిస్తే డౌన్‌లోడ్ చెడిన కేసులు బాగవుతాయి. డిఐఎస్ఎమ్ బాగుచేసేది కాంపోనెంట్ స్టోర్‌ని, అంటే సి డ్రైవ్‌లోని విన్‌ఎస్ఎక్స్ఎస్‌ని. 0ఎక్స్80073712, 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ లాంటి కోడ్‌లు వచ్చినప్పుడు దాని అవసరం పడుతుంది. మొదటిది స్టోర్ చెడిందని, రెండోది కావలసిన సోర్స్ ఫైళ్లు దొరకలేదని చెబుతుంది. ఈ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ బాగుంది, స్టోర్ కూడా బాగుంది.

ముందు తేల్చాల్సింది: ఏ దశలో ఆగింది?

ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో విండోస్‌అప్‌డేట్‌క్లయింట్ సోర్స్‌ని ఫిల్టర్ చేస్తే నాలుగు నంబర్లతో చాలావరకు తేలిపోతుంది. 44 అంటే డౌన్‌లోడ్ మొదలైంది. 43 అంటే ఇన్‌స్టాల్ మొదలైంది. 19 అంటే ఎక్కింది. 20 అంటే ఫెయిలైంది. ఇక్కడ ప్రతిసారీ 44 వచ్చింది, తర్వాత 43, ఆ వెంటనే 20. 43 దాకా చేరిందంటే ఇక నెట్‌వర్క్‌నీ డౌన్‌లోడ్ ఫోల్డర్‌నీ అనుమానించాల్సిన పని లేదు.

ఎర్రర్ కోడ్‌ని కూడా ముక్కలు చేసి చదవాలి. 0ఎక్స్8007తో మొదలైతే అది మామూలు విండోస్ ఎర్రరే. చివరి నాలుగు అంకెల్ని దశాంశంలోకి మార్చి నెట్ హెల్ప్‌ఎమ్‌ఎస్‌జీ కమాండ్‌కి ఇస్తే అర్థం చెబుతుంది. 0070 అంటే 112, డిస్క్‌లో జాగా లేదు. 0005 అంటే 5, అనుమతి లేదు. 0643 అంటే 1603, ఇన్‌స్టాల్ చేస్తుండగా తీవ్రమైన లోపం వచ్చింది. 0ఎక్స్8024తో మొదలయ్యేవి అప్‌డేట్ ఏజెంట్‌వి, 0ఎక్స్800ఎఫ్‌తో మొదలయ్యేవి సర్వీసింగ్‌వి, అంటే అప్‌డేట్ ఫైళ్లని విండోస్‌లో అమర్చే భాగంవి.

1603 దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ఈ కోడ్ చూడగానే డాట్‌నెట్ రిపేర్ చేయమని, ఎమ్ఎస్ఐ సర్వీసు మళ్లీ రిజిస్టర్ చేయమని సలహాలు వస్తాయి. కెబి5034441 విషయంలో ఆ కోడే తప్పుడుది. ఆ అప్‌డేట్ చేసే పని రికవరీ ఎన్విరాన్‌మెంట్‌ని (విండోస్ లేవనప్పుడు బాగుచేయడానికి తెరుచుకునే చిన్న విండోస్‌ని), అంటే విన్‌ఆర్‌ఈని మార్చడం. డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్‌ని దాటేయడానికి వీలిచ్చే ఒక లోపాన్ని (సివిఈ-2024-20666) అది మూస్తుంది. అందుకు రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. లేకపోతే జాగా చాలలేదని చెప్పాల్సిన చోట 0ఎక్స్80070643 చూపిస్తుంది. ఎర్రర్ కోడ్‌ని అందించే భాగంలోనే పొరపాటు ఉందని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది.

విండోస్ 11 వైపు లాగ్‌లు వేరే చోట ఉంటాయి. సి డ్రైవ్‌లో దాగి ఉండే $విండోస్.~బీటీ ఫోల్డర్, అందులో సోర్సెస్, దానిలో పాంథర్. అక్కడి సెటప్‌ఎర్.లాగ్ చిన్నది, ముందు అదే చదవాలి. అందులో కనిపించిన సమయాన్ని పట్టుకుని సెటప్‌యాక్ట్.లాగ్‌లో ఆ వరుసకి పైనా కిందా చూడాలి. ఇక్కడ రీస్టార్ట్‌కి ముందే, సిస్టమ్ పార్టిషన్‌లో ఖాళీ చాలదన్న దగ్గర ఆగింది. అదే కోడ్ 0ఎక్స్సి1900101 అయి, వెనక 0ఎక్స్20017, 0ఎక్స్4000డి లాంటి తోక ఉంటే కథ వేరు. అప్పుడు డ్రైవర్లని పట్టుకోవాలి. ఆ తోకలో మొదటి అంకె దశ చెబుతుంది: 1 రీస్టార్ట్‌కి ముందు, 2 సేఫ్ ఓఎస్ (సెటప్ వాడే తాత్కాలిక చిన్న విండోస్), 3 మొదటి బూట్, 4 రెండో బూట్.

డిస్క్ మ్యాప్

పార్టిషన్‌లు సర్దే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో లిస్ట్ పార్టిషన్ కొడితే వచ్చిన బొమ్మ ఇది:

1 – రికవరీ, 499 ఎంబీ
2 – సిస్టమ్ (ఈఎస్‌పీ, కంప్యూటర్ లేచేటప్పుడు చదివే బూట్ ఫైళ్లుండే చోటు), 100 ఎంబీ
3 – రిజర్వ్‌డ్, 16 ఎంబీ
4 – ప్రైమరీ (సి డ్రైవ్)
5 – రికవరీ, 522 ఎంబీ

పాత విండోస్ 10 ఇన్‌స్టాలర్ రికవరీని డిస్క్ మొదట్లో పెట్టేది. వెనకే ఈఎస్‌పీ ఉంటుంది కాబట్టి దాన్ని పెంచడానికి వీల్లేదు. విన్‌ఆర్‌ఈ పెరిగినప్పుడు ఒకానొక పెద్ద అప్‌గ్రేడ్ సి డ్రైవ్ చివర కొంత కోసి కొత్త రికవరీ పెట్టింది, పాతదాన్ని అలాగే వదిలేసింది. క్లోన్ చేసినప్పుడు ఆ చచ్చిన పార్టిషన్ కూడా ఎస్ఎస్‌డీ మీదకి వచ్చి కూర్చుంది.

ఏది బతికున్నదో ఊహించకూడదు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో రీఏజెంట్‌సీ /ఇన్‌ఫో కొట్టాలి. హార్డ్‌డిస్క్0, పార్టిషన్5 అని వచ్చింది. అంటే 1వ పార్టిషన్ ఎవరికీ పనికిరానిది. ఇది తర్వాత బాగా కలిసొచ్చింది.

5వ పార్టిషన్ 522 ఎంబీ, అందులో ఖాళీ 44. కావలసింది 250. మొదటి ఫిర్యాదు అక్కడికి తేలిపోయింది.

రెండో ఫిర్యాదులోని సిస్టమ్ పార్టిషన్ ఈ ఈఎస్‌పీయే. దాని దగ్గర డిస్క్ మేనేజ్‌మెంట్ తప్పుదోవ పట్టిస్తుంది. ఈఎస్‌పీ నిండా ఫైళ్లున్నా అది 100 శాతం ఖాళీ అనే చూపిస్తుంది, ఎందుకంటే దాని లోపలికి చూడదు. నమ్మకూడదు. పవర్‌షెల్‌ని అడ్మిన్‌గా తెరిచి గెట్-వాల్యూమ్ కొడితే అసలు లెక్క వస్తుంది: ఫ్యాట్32, మొత్తం 96 ఎంబీ, మిగిలింది 5. లోపల ఏముందో చూడటానికి:

మౌంట్‌వాల్ ఎస్: /ఎస్
డిర్ ఎస్:\ /ఏ /ఎస్

మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ 27 ఎంబీ. అందులో సగానికి దగ్గరగా బూట్ స్క్రీన్ ఫాంట్లే, వాటిలోనూ చైనీస్, జపనీస్, కొరియన్‌వి బరువు. బూట్ ఫోల్డర్ 2 ఎంబీ. ఎప్పుడో పక్కన పెట్టి తీసేసిన ఉబుంటు తాలూకు ఫోల్డర్ 6 ఎంబీ. మిగిలిన 56 ఎంబీ కంప్యూటర్ తయారీదారు ఫోల్డర్: బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ఇమేజ్‌లు మూడు, ఒక్కోటి 16 ఎంబీ, డయాగ్నోస్టిక్ టూల్‌లు అదనం. బయోస్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ పాత ఇమేజ్‌ని తీయకుండా కొత్తది చేర్చింది. ఈ 100 ఎంబీ గదిలో విండోస్ వాటా మూడో వంతు కూడా లేదు.

ఏ దారి?

మైక్రోసాఫ్ట్ చెప్పే చిట్కా ఒకటుంది: ఎస్:\ఈఎఫ్ఐ\మైక్రోసాఫ్ట్\బూట్\ఫాంట్స్‌లోని ఫైళ్లు తీసేసి, కనీసం 15 ఎంబీ ఖాళీ చేయడం. అది పనిచేస్తుంది. ఇక్కడా 5కి 12 చేరి 17 అయ్యేది, అప్‌గ్రేడ్ ఎక్కేది. కానీ బూట్ ఫైళ్లు మళ్లీ రాసినప్పుడల్లా ఆ ఫాంట్లు తిరిగొస్తాయి, ఇంకో బయోస్ అప్‌డేట్‌తో మరో 16 ఎంబీ పోతుంది. సెక్యూర్ బూట్ (నమ్మదగిన బూట్ ఫైళ్లనే నడవనిచ్చే రక్షణ) 2011 సర్టిఫికెట్లు 2026 జూన్ నుంచి గడువు తీరడం మొదలవుతుంది కాబట్టి, బూట్ మేనేజర్‌ని మార్చే అప్‌డేట్‌లు ఇక మీదటా ఈ పార్టిషన్‌ని తడుతూనే ఉంటాయి. డిస్క్ మ్యాప్ అనుకూలించని కంప్యూటర్లలో ఫాంట్ల చిట్కాతో సరిపెట్టుకోవాలి. ఇక్కడ డిస్క్ మొదట్లోనే 499 ఎంబీ ఊరికే పడి ఉంది. దాన్ని కొత్త ఈఎస్‌పీ చేసుకోవడమే మేలని తేల్చాం.

తయారీదారు ఫోల్డర్ జోలికి మాత్రం తొందరపడి పోకూడదు. కొన్ని కంప్యూటర్లు బయోస్ చెడినప్పుడు అక్కడి ఇమేజ్ నుంచే కోలుకుంటాయి.

చేయి పెట్టే ముందు

డిస్క్ మొత్తం ఇమేజ్ బ్యాకప్ బయటి డిస్క్ మీదకి. 8 జీబీ లేదా అంతకంటే పెద్ద యూఎస్‌బీ మీద విండోస్ ఇన్‌స్టాలర్, దాంతో ఒకసారి నిజంగా బూట్ చేసి చూడటం. ఈ రెండూ లేకుండా కింది పనులు మొదలుపెట్టకూడదు.

మేనేజ్-బీడీఈ -స్టేటస్ కొట్టి ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూడాలి. హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో అది ఆన్ అయి ఉండొచ్చు. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, ప్రొటెక్షన్‌ని సస్పెండ్ చేయాలి. బూట్ ఫైళ్లు మారితే టీపీఎమ్ (కీలు దాచే భద్రతా చిప్) కొలతలు మారతాయి, అప్పుడు ఆ కీ అడుగుతుంది. ఈ కంప్యూటర్‌లో ఆఫ్‌లోనే ఉంది.

పాత ఈఎస్‌పీలోని ఫైళ్లకి విడిగా ఒక కాపీ:

రోబోకాపీ ఎస్:\ ఇ:\ఈఎస్‌పీ-కాపీ /ఇ /ఆర్:0

చివర /ఆర్:0 మర్చిపోతే రోజంతా అక్కడే కూర్చోవాలి. నడుస్తున్న విండోస్ బీసీడీ (ఏది ఎక్కడినుంచి బూట్ చేయాలో చెప్పే జాబితా) ఫైల్‌ని పట్టుకుని ఉంటుంది. రోబోకాపీ డిఫాల్ట్‌గా పది లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. బీసీడీని బీసీడీఎడిట్ /ఎక్స్‌పోర్ట్ కమాండ్‌తో వేరే తీసుకోవాలి.

కొత్త ఈఎస్‌పీ

విన్‌ఆర్‌ఈ కన్నా ముందు ఇదే చేయాలి. కొత్త ఈఎస్‌పీతో పాటు కొత్త బీసీడీ పుడుతుంది. రికవరీకి దారి చూపే ఎంట్రీ ఉండేది అందులోనే. ముందు విన్‌ఆర్‌ఈ సర్ది, ఆ తర్వాత బీసీడీ మారిస్తే ఆ పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

డిస్క్‌పార్ట్‌లో డిస్క్ 0 ఎంచుకుని, తీసేయడానికి ముందు 2, 4, 5 పార్టిషన్‌లని ఒక్కొక్కటే సెలెక్ట్ చేసి డిటెయిల్ పార్టిషన్ కొట్టాం. టైప్ అన్న వరుసలో వచ్చే పొడవాటి జీయూఐడీలు (పార్టిషన్ రకం చెప్పే గుర్తింపు కోడ్‌లు) మూడూ నోట్‌ప్యాడ్‌లోకి. ఈఎస్‌పీది ఒకటి, సి డ్రైవ్‌ది ఒకటి, రికవరీది ఒకటి. వీటిని ఎక్కడినుంచో చూసి చేత్తో టైప్ చేస్తే ఒక్క అక్షరం తప్పినా పార్టిషన్ రకమే మారిపోతుంది. సొంత డిస్క్ మీద ఉన్నవాటినే కాపీ చేసుకోవడం నయం. తర్వాత:

సెలెక్ట్ పార్టిషన్ 1
డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్
క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్=498
ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32 లేబుల్="సిస్టమ్"
అసైన్ లెటర్=టి

ఓవర్‌రైడ్ అన్న మాట డిస్క్‌పార్ట్‌కి ఉన్న కాపలాలని చాలావరకు పక్కకి తప్పిస్తుంది. ఎంటర్ కొట్టే ముందు లిస్ట్ పార్టిషన్ ఇంకోసారి కొట్టి, నక్షత్రం గుర్తు ఏ వరుస ముందుందో చూసుకోవాలి. క్రియేట్ తర్వాత ఆఫ్‌సెట్ 1 ఎంబీ దరిదాపుల్లో ఉంటే సరైన చోటే పడింది. డిస్క్‌పార్ట్ నుంచి బయటికొచ్చి:

బీసీడీబూట్ సి:\విండోస్ /ఎస్ టి: /ఎఫ్ యూఈఎఫ్ఐ

బూట్ ఫైళ్లు సృష్టించామన్న మెసేజ్ వచ్చింది. రీస్టార్ట్. ఇప్పుడు నిజంగా కొత్తదాని నుంచే లేచిందా అన్నది చూడాలి. మౌంట్‌వాల్ ఎస్: /ఎస్ ఎప్పుడూ బూట్ అయిన ఈఎస్‌పీనే తెచ్చిపెడుతుంది. అందులో తయారీదారు ఫోల్డర్, ఉబుంటు ఫోల్డర్ కనిపిస్తే ఇంకా పాతదే నడుస్తోందన్నమాట. ఇక్కడ మైక్రోసాఫ్ట్, బూట్ రెండే కనిపించాయి. సరే.

రెండు ఈఎస్‌పీలని అలాగే వదిలి అప్‌గ్రేడ్ మొదలుపెడితే సెటప్ తికమకపడే అవకాశం ఉంది. పాతదాన్ని అప్పుడే చెరిపేయలేదు, టైప్ మాత్రం మార్చాం. పార్టిషన్ 2 ఎంచుకుని, సెట్ ఐడీ= తర్వాత సి డ్రైవ్ జీయూఐడీని అతికించి, చివర ఓవర్‌రైడ్. దాంతో అది మామూలు డేటా పార్టిషన్ అయిపోయింది. తేడా వస్తే ఈఎస్‌పీ జీయూఐడీని తిరిగి పెడితే చాలు. ఎక్స్‌ప్లోరర్‌లో 100 ఎంబీ డ్రైవ్ ఒకటి కొత్తగా పైకి తేలితే, డిస్క్‌పార్ట్ రిమూవ్ కమాండ్‌తో దాని అక్షరం తీసేయాలి.

రికవరీ పార్టిషన్

రీఏజెంట్‌సీ /డిజేబుల్

ఇది విన్‌ఆర్‌ఈ.విమ్ ఫైల్‌ని సి:\విండోస్\సిస్టమ్32\రికవరీ ఫోల్డర్‌లోకి తెచ్చి పెట్టాలి. తెచ్చిందో లేదో డిర్ /ఏ తో కళ్లారా చూశాకే ముందుకి వెళ్లాలి. కొన్ని కంప్యూటర్లలో కమాండ్ విజయవంతమైందని చెబుతుంది, ఫైల్ మాత్రం అక్కడ ఉండదు. ఆ స్థితిలో పార్టిషన్ చెరిపితే విన్‌ఆర్‌ఈ పోయినట్టే. మళ్లీ ఇన్‌స్టాలర్ యూఎస్‌బీలోని ఇన్‌స్టాల్.విమ్ నుంచి తవ్వి తీసుకోవాలి. ఇక్కడ ఫైల్ వచ్చింది.

సి డ్రైవ్ చివర కొయ్యాలి. మైక్రోసాఫ్ట్ లెక్క 250 ఎంబీ, మేం 500 తీసుకున్నాం. విన్‌ఆర్‌ఈ పెరుగుతూనే ఉంటుంది, 140 జీబీ ఖాళీ ఉన్నచోట ఇంకో 250 ఎంబీకి పీనాసితనం దేనికి? కానీ ష్రింక్ క్వెరీమ్యాక్స్ కొడితే 210 ఎంబీకి మించి కుదరదంది. సి చివర్లో కదలని ఫైల్ ఏదో ఉంది. అదేమిటో ఈవెంట్ వ్యూయర్ అప్లికేషన్ లాగ్‌లో 259 నంబర్ ఈవెంట్ పేరుతో సహా చెబుతుంది: హైబర్‌ఫిల్.సిస్. పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్, రీస్టార్ట్, మళ్లీ క్వెరీమ్యాక్స్. ఈసారి జీబీల్లో చూపించింది. పేజ్‌ఫైల్ గానీ రీస్టోర్ పాయింట్లు గానీ అడ్డొస్తే వాటినీ ఇలాగే తాత్కాలికంగా ఆపాలి.

సెలెక్ట్ పార్టిషన్ 4
ష్రింక్ డిజైర్డ్=500 మినిమమ్=500
సెలెక్ట్ పార్టిషన్ 5
డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్
క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ
ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఎన్‌టీఎఫ్ఎస్ లేబుల్="విండోస్ ఆర్‌ఈ టూల్స్"
సెట్ ఐడీ=(నోట్‌ప్యాడ్‌లోని రికవరీ జీయూఐడీ)
జీపీటీ యాట్రిబ్యూట్స్=0ఎక్స్8000000000000001

చివరి వరుస మర్చిపోతే విండోస్ ఆ పార్టిషన్‌కి ఏదో ఒక డ్రైవ్ అక్షరం తగిలిస్తుంది. డ్రైవ్ నిండిపోతోందన్న ఎర్ర గీత ఇంట్లో ఎవరో ఒకరి కంట్లో పడుతుంది, అందులోని ఫైళ్లు చెరిపేదాకా వాళ్లకి నిద్ర పట్టదు. డిస్క్ పార్టిషన్ పట్టిక కొత్త రకం జీపీటీ కాక పాత రకం ఎమ్‌బీఆర్ అయితే ఈ చివరి రెండు వరుసలూ వర్తించవు. పార్టిషన్ సృష్టించేటప్పుడే ఐడీ=27 ఇవ్వాలి. లిస్ట్ డిస్క్‌లో జీపీటీ నిలువు గడిలో నక్షత్రం ఉందో లేదో చూస్తే ఏదో తెలుస్తుంది.

తర్వాత రీఏజెంట్‌సీ /ఎనేబుల్, వెంటనే రీఏజెంట్‌సీ /ఇన్‌ఫో. స్టేటస్ ఎనేబుల్డ్ అని, పార్టిషన్5 అని రావాలి. వచ్చింది. ఖాళీ 540 ఎంబీ పైచిలుకు. ఎనేబుల్డ్ అని చూసి ఊరుకోకుండా, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి నీలం రంగు రికవరీ స్క్రీన్ దాకా ఒకసారి వెళ్లి రావాలి. హైబర్నేషన్ కావాలంటే పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆన్.

ఫలితం

కెబి5034441 మొదటి ప్రయత్నంలోనే ఎక్కింది. ఈవెంట్ 43, వెనకే 19. తర్వాత విండోస్ 11, 23హెచ్2 సెటప్ సిస్టమ్ పార్టిషన్ మెసేజ్ లేకుండా దాటి, రీస్టార్ట్‌లు ముగించుకుని డెస్క్‌టాప్‌కి చేరింది. కొత్త ఈఎస్‌పీలో 30 ఎంబీ కూడా నిండలేదు.

అప్‌గ్రేడ్ తర్వాత మిగిలిన పనులు చిన్నవి. ఫర్మ్‌వేర్ బూట్ మెనూలో ఉబుంటు పేరు ఇంకా కనిపిస్తోంది. బీసీడీఎడిట్ /ఎనమ్ ఫర్మ్‌వేర్‌తో దాని గుర్తింపు పట్టుకుని బీసీడీఎడిట్ /డిలీట్‌తో తీసేశాం. తయారీదారు ఫోల్డర్‌లోంచి అన్నిటికన్నా కొత్త బయోస్ ఇమేజ్‌ని మాత్రం కొత్త ఈఎస్‌పీలో అదే దారిలో పెట్టాం, మిగతా రెండూ బ్యాకప్ డిస్క్ మీదే ఉన్నాయి. పాత 100 ఎంబీ పార్టిషన్ ఇంకా అలాగే ఉంది. రెండు నెలవారీ అప్‌డేట్‌లు సజావుగా ఎక్కాక దాన్ని చెరిపేస్తారు. ఆ చోటు వేరేగా ఎవరికీ అవసరం లేదు కాబట్టి తొందర లేదు.

ఒకవేళ కంప్యూటర్ విండోస్ 11కి అర్హత లేనిదైతే రికవరీ పార్టిషన్ పని ఒక్కటే మిగిలేది. బిట్‌లాకర్ వాడనివాళ్లకి అదీ అత్యవసరం కాదు, ఆ లోపం తగిలేది ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్‌కే. పార్టిషన్‌లు కదిలించే ధైర్యం, బ్యాకప్ డిస్క్ రెండూ లేనప్పుడు ఆ ఒక్క అప్‌డేట్ ఫెయిలవుతున్నా వదిలేయడం తప్పేమీ కాదు. మిగతా నెలవారీ అప్‌డేట్‌లని అది ఆపదు. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, ఆ కంప్యూటర్‌కి అసలు ప్రశ్న ఇక వేరే.